సెలవు మీద వచ్చే జవాను బ్యాగులో ముందు చూడాల్సింది

శ్రీనగర్‌లో పోస్టింగ్‌లో ఉన్న మీ తమ్ముడు మొదటిసారి విమానంలో ఢిల్లీ మీదుగా విశాఖపట్నం వస్తున్నాడనీ, కిట్ చూసి సెక్యూరిటీలో ఆపేస్తారేమోననీ అడిగారు.

అమ్మా, నేను ఆర్మీలో చేసి రిటైరై గాజువాకలో ఉంటున్నాను. సెలవులకు ఇదే దారిలో వచ్చేవాణ్ని. యూనిఫాం, బూట్లు, బెల్టు, మెస్ టిన్ గురించి టెన్షన్ అక్కర్లేదు. బూట్లు విప్పమంటే విప్పాలి, అంతే. రైఫిల్ ఎలాగూ కోత్‌లో, అంటే యూనిట్ ఆయుధాల గదిలో, జమ చేసే బయల్దేరతాడు. భయపడాల్సింది ఒక్కదానికే: బ్యాగులో ఏ మూలో మిగిలిపోయిన రౌండు, అంటే తూటా.

ఫైరింగ్ అయ్యాక జిందా (పేలని) రౌండు గానీ ఖాళీ ఖోఖా (పేలాక మిగిలే తొడుగు) గానీ తన దగ్గర లేదని ఫైరింగ్ రేంజిలో ప్రతి జవానూ చెప్పే కదులుతాడు. అయినా పౌచ్ అడుగునో, పిట్టూ (వీపు సంచి) జేబులోనో ఒకటి ఉండిపోతుంది. ఎక్స్‌రేలో అది దొరికిపోతుంది. జవానునని చెప్పినా ఎయిర్‌పోర్టు భద్రత చూసే సీఐఎస్‌ఎఫ్ వాళ్లు వదలరు, వదలకూడదు కూడా. పోలీసులకు అప్పగిస్తే 1959 ఆయుధాల చట్టం కింద కేసవుతుంది, యూనిట్‌కు కబురు వెళ్తుంది. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరమని కోర్టులు చెప్పాయి, నిజమే. కానీ ఆ మాట కేసు కోర్టుకెక్కాక పనికొచ్చేది. ఈలోగా సెలవంతా స్టేషన్ చుట్టూ తిరగడానికే సరిపోతుంది.

మా యూనిట్ కుర్రాడొకడు చెల్లెలి పెళ్లికి వస్తూ ఖాళీ ఖోఖాతో చేసిన కీచైన్ జేబులో వేసుకొచ్చాడు. అందులో తుపాకీ మందు లేదని తేల్చి పంపేసరికి విమానం వెళ్లిపోయింది. ముహూర్తానికి అందుకోలేకపోయాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బాగుండదు.

అందుకే ఫీల్డులో వాడిన పిట్టూ అక్కడే వదిలి, వేరే బ్యాగులో బట్టలు సర్దుకోమనండి. అదే తేవాల్సి వస్తే ప్రతి జేబూ తిరగేసి దులిపి, ఉతికి తేవాలి. సెక్యూరిటీలో ఒక్కోసారి బ్యాగును చిన్న గుడ్డముక్కతో తుడిచి మిషన్‌లో పెడతారు. పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే మిషన్ అది. రేంజిలో తిరిగిన బ్యాగుకు మందు అంటి ఉంటే అది మోగొచ్చు.

ఇక మిగతావి. కత్తి, మల్టీటూల్, కుక్రీ లాంటివి చెక్ ఇన్ బ్యాగులోనే. పిల్లల కోసం కశ్మీర్ బ్యాటు కొంటే అదీ అందులోనే, చేతిలో పట్టుకుని ఎక్కనివ్వరు. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు మాత్రం దీనికి తలకిందులు: చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపైతే చాలు, మామూలు 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 దగ్గరే ఉంటుంది. ఇది చెక్ ఇన్‌లో పెట్టేస్తే మనిషిని వెనక్కి పిలిచి తీయిస్తారు, లేదా బ్యాగు అక్కడే ఆగిపోతుంది. లైటరు, అగ్గిపెట్టె, ఫీల్డులో వంట వేడికి కాల్చే హెక్సమిన్ గోళీలు ఎందులోనూ కుదరవు.

టికెట్టు సాయుధ బలగాల ఫేర్‌లో తీసుకుంటే చాలా ఎయిర్‌లైన్స్ లగేజీ ఎక్కువ ఇస్తాయి. ఎన్ని కిలోలో బుకింగ్‌లోనే చూసుకోండి. సర్వీసు ఐడీ కార్డు మాత్రం పైజేబులో ఉండాలి, కౌంటర్‌లో అడుగుతారు. శ్రీనగర్‌లో టెర్మినల్‌కు చాలా ముందే, బయటి గేటు దగ్గర సామానంతా దించి స్కాన్ చేస్తారు. లోపల మళ్లీ చెకింగ్ ఉంటుంది. బాగా ముందుగా చేరుకోమనండి.

శ్రీనగర్ ఎయిర్‌పోర్టు ఎయిర్‌ఫోర్సుది, మన విశాఖది నేవీ స్థావరం, ఐఎన్‌ఎస్ డేగా. రన్‌వే దగ్గర ఫోటోలు, వీడియోలు తీయొద్దు. మీరు ఆనందంలో వీడియో కాల్ చేసినా, టెర్మినల్ బయటికి వచ్చాకే ఎత్తమనండి.

తిరిగి వెళ్లేటప్పుడు మీరు కట్టిచ్చేవాటిలో ఆవకాయ గట్టిగా సీలు చేసి చెక్ ఇన్‌లో పెట్టొచ్చు. ఎండు కొబ్బరి మాత్రం వద్దు. నూనె ఎక్కువ, వేడికి అంటుకునే గుణం ఉందని చెక్ ఇన్ బ్యాగుల్లోంచి తీయించేస్తారు. దాని బదులు ఇంకో రెండు కట్టల అరిసెలు పెట్టండి.