గబ్బిలానికి నక్క పేరెందుకు?

సందేహం: మా బడి పక్క తోటలో తాటాకు కింద చిన్న గబ్బిలం ఒకటి పిల్లలకు కనబడింది. చెవుల అంచులు తెల్లగా ఉన్నాయి. దాని గురించి గోడపత్రిక రాస్తున్నాం. ఒక పుస్తకంలో ‘ఫలభక్షక గబ్బిలం’ అనీ, ఒక పత్రికలో ‘ఎగిరే నక్క’ అనీ చూశాను. మా అత్తగారు ‘గబ్బిలాయి’ అంటారు. ఏది రాయమంటారు? గబ్బు కొడుతుంది కాబట్టే గబ్బిలం అయిందా? ‘వేలాడు’, ‘వేళ్ళాడు’లలో ఏది ఒప్పు?
– ఒక ఉపాధ్యాయురాలు, అంబాజీపేట

సమాధానం: అమ్మా, ముందు మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. గబ్బిలాయి, గబ్బిడాయి అనేవి మంచి తెలుగు మాటలు. పల్లెమాట అని వాటిని గోడపత్రికకు దూరం చేయకండి.

గబ్బు నుంచి గబ్బిలం వచ్చిందని నా చిన్నప్పుడు మా మాస్టారు కూడా చెప్పారు. వందలకొద్దీ గబ్బిలాలు పట్టిన రావిచెట్టు కింద ఒక్క నిమిషం నిలబడితే ఎవరైనా నమ్ముతారు. కానీ నాకు మనసు ఒప్పుకోదు. గబ్బు సరే, మిగిలిన ‘ఇలం’ ఏమిటి? అదీగాక మన పాత కావ్యాల్లో ‘గబ్బి’ అంటే గర్వం, బింకం. గబ్బితనం అంటే పొగరు, దిట్టతనం. కంపు ఒక్కటే ఈ మాటకు అర్థమైనట్టు ఇవాళ మనం వాడుతున్నాం కానీ, ఒకప్పుడు దీనికి వేరే దర్జా ఉండేది. అది గబ్బిలానికి తగులుతుందని నేను అనను. ఒక్క అర్థాన్నే పట్టుకుని ఒక ప్రాణికి కంపు అంటగట్టవద్దు అంటాను, అంతే.

ఇక గబ్బిలాయి, గబ్బిడాయి. ‘డలయోరభేదః’ అన్నారు పెద్దలు, డకు లకు భేదం లేదని. దీనికి ఉదాహరణ మీ పిల్లలు చూసిన చోటే ఉంది. సంస్కృతంలో తాల, మన కోనసీమలో తాడి. గబ్బిలాయి, గబ్బిడాయిలలోనూ ఆ ల, డలే ఒకదాని చోట ఒకటి వచ్చాయి. చివరి ‘ఆయి’ చూడండి: అబ్బాయి, అమ్మాయి, పాపాయి, బుజ్జాయి. దగ్గరివాళ్ళను పిలిచేటప్పుడు వచ్చే ‘ఆయి’ అది. గబ్బిలాయిలోదీ అదేనని గట్టిగా రాసివ్వలేను. కానీ నా మొగ్గు అటే. చూరు కింద, చెట్టు మీద ఇంటిమనిషిలా ఉన్న ప్రాణిని అలా పిలుచుకోవడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. ఇరుగుపొరుగు భాషల్లో దీని దారి వేరు. తమిళంలో వావల్, వౌవాల్. కన్నడంలో బావలి. వేరు బేరైనట్టు, వేప బేవైనట్టు అక్కడ వ బ అయింది. మనం వాడే మాట ఆ దారిది కాదు.

సంస్కృతం వాళ్ళ చూపు నాకు ఇంకా ఇష్టం. అమరసింహుడు కూర్చిన పాత నిఘంటువు అమరకోశంలో గబ్బిలానికి ‘జతుకా’, ‘అజినపత్రా’ అని రెండు పేర్లు. అజినం అంటే తోలు. కృష్ణాజినం అన్నప్పటి అజినమే. పత్రం అంటే ఆకు ఒక్కటే కాదు, రెక్క కూడా. అజినపత్ర అంటే తోలురెక్కలది. అమరసింహుడు దీన్ని పక్షుల మధ్యే కూర్చోబెట్టాడు, నిజమే. కానీ పేరు మాత్రం ఈకలు లేవని చెబుతోంది. రెక్క తోలని చూసి పేరు పెట్టినవాడి కన్ను ఎంత నిశితం! ఆ తోలు పరిచినది పొడుగాటి చేతివేళ్ళ మీద. ఇవాళ శాస్త్రజ్ఞులు గబ్బిలాల జాతినంతటినీ ‘కైరోప్టెరా’ అంటున్నది అందుకే. గ్రీకులో చేతిరెక్క అని అర్థం. జతువు అంటే లక్క. మన రావిచెట్ల మీది పెద్ద గబ్బిలాల మెడ చుట్టూ ఉండే ఎర్రగోధుమ రంగు జూలును చూసినప్పుడల్లా నాకు ఆ జతుకా గుర్తొస్తుంది.

ఇప్పుడు ‘ఎగిరే నక్క’. దీనిమీద నాకు కోపమే ఉంది. ఇంగ్లీషువాళ్ళు దాని మూతి చూసి వాళ్ళ నక్క పేరు పెట్టుకున్నారు, అది వాళ్ళిష్టం. మనకు వేల ఏళ్ళుగా ఎదురుగా వేలాడుతున్న ప్రాణికి, పేరున్న ప్రాణికి, ఆ అనువాదం ఎందుకు? తెలుగులో నక్క అనగానే జిత్తులు, వినయాలు, తోక తొక్కడాలు వెంట వస్తాయి. అవేవీ దీనివి కావు. దీన్ని హాయిగా ‘పెద్ద గబ్బిలం’ అనండి. రెక్కలు చాపితే నాలుగడుగులు దాటే ప్రాణికి వేరే బిరుదు అక్కర్లేదు. ‘ఫలభక్షక గబ్బిలం’ అంటే సంస్కృతం మూట తెలుగు నెత్తిన పెట్టినట్టు. ‘పండ్ల గబ్బిలం’ అంటే మూడో తరగతి పిల్లకు కూడా అర్థమవుతుంది.

అయితే పండ్ల గబ్బిలం ఒక్కటి కాదమ్మా. మీ పిల్లలు చూసినది పెద్ద గబ్బిలం కాదు. పెద్దది ఆరుబయట మర్రి, రావి, చింత వంటి మహావృక్షాల మీద గుంపులుగా ఉంటుంది. చెవుల అంచు తెల్లగా ఉండి, ముక్కుపుటాలు గొట్టాల్లా ముందుకు పొడుచుకొచ్చి, మూతి కురచగా ఉంటే అది కురచమూతి గబ్బిలం. శాస్త్రనామం సైనాప్టెరస్ స్ఫింక్స్. ‘సైనాప్టెరస్’ అంటే కుక్కరెక్కది. అంటే గ్రీకు తెలిసినవాడికి అందులో నక్క కాదు, కుక్క కనబడింది! మగది తాటాకును కొరికి, వంచి గుడారంలా చేసుకుని అందులో ఆడవాటితో ఉంటుంది. దీన్ని నేనైతే ‘తాటాకు గబ్బిలం’ అంటాను. మీకు నచ్చితే వాడండి. ఇక పాత గుళ్ళలో, పాడుబడ్డ మేడల్లో, నూతుల్లో చీకటిని వెతుక్కునే పండ్ల గబ్బిలం ఇంకొకటి, రూసెటస్. దానికి చెవి అంచు తెలుపు ఉండదు. పురుగులు తినే చిన్న గబ్బిలాలు కూడా అలాంటి చోట్లలోనే ఉంటాయి. వాటినుంచి వీటిని విడదీయాలంటే పెద్ద కళ్ళు చూడాలి, రెక్క మీది గోళ్ళు చూడాలి. బొటనవేలి గోరు అన్నిటికీ ఉంటుంది. మన పండ్ల గబ్బిలాలకు చూపుడువేలికి కూడా ఉంటుంది. జాషువా గారు 1941లో తన ‘గబ్బిలం’ కావ్యంలో దూతగా ఎంచుకున్నది గుడిలో తిరిగే గబ్బిలాన్ని. మనిషిని గడప దాటనివ్వని చోట అది శివుడి చెవి దగ్గర వేలాడగలదు కనుక.

పోలికను చూసి పేరు పెడితే ఎంత పొరపాటు జరుగుతుందో ఈ కురచమూతి గబ్బిలమే చెబుతుంది. పడమటి కనుమల్లో, తమిళనాడులోని మేఘమలై కొండల్లో 1948లో ఒక గబ్బిలాన్ని పట్టారు. చూడ్డానికి ఇలాగే ఉందని ఇదే పేరు రాసి బొంబాయిలో భద్రపరిచారు. 24 ఏళ్ళు అది ఆ పేరుతోనే ఉండిపోయింది. 1972లో థాయ్‌లాండ్ శాస్త్రజ్ఞుడు కిట్టి థాంగ్లోంగ్యా దాన్ని మళ్ళీ పరీక్షించి, దానికి తోకే లేదని, పళ్ళవరస వేరని, అది మరో ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) అని తేల్చి, పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పేరు పెట్టాడు. అది ఆ కొండల సతతహరిత అడవుల్లో, గుహల్లో బతికేది, మన గోదావరి లంకల్లో దొరకదు. మన తాటాకు గబ్బిలానికి పొట్టి తోక ఉంది. గోడపత్రికలో రెండింటి బొమ్మలూ పక్కపక్కన వేయించండి.

‘హాబిటాట్’కు ‘ఆవాసం’ అని అందరూ రాస్తున్నారు, తప్పు లేదు. కానీ ‘ఉనికిపట్టు’ అనే చక్కని మాట మన దగ్గర ఉంది, దాన్ని నిద్ర లేపండి. పత్రికల్లో ‘గబ్బిలాలచే పండ్లు తినబడుచున్నవి’ అనే రాత నాకు తలనొప్పి. తినేది గబ్బిలం, అది తింటుంది అని రాస్తే పోయేదేముంది? బాదంపండు పైగుజ్జు తిని గింజ దూరంగా వదిలేస్తుంది, బూరుగుపూలలో తేనె తాగి పుప్పొడి మోస్తుంది అని రాయించండి. 1972 వన్యప్రాణి చట్టం పండ్ల గబ్బిలాలను ఎలుకలు, కాకుల వరసలో చీడప్రాణులుగా చేర్చింది. 2022 సవరణతో ఆ పట్టికే పోయింది. మాటల్లో ఇంకా పోలేదు. ‘గబ్బిలం మొహం’ అని తిట్టే పెద్దలు తగ్గాలి.

పిల్లల్ని గబ్బిలాన్ని చేత్తో ముట్టుకోనివ్వకండి, దూరం నుంచే చూడమనండి. వేలాడు, వేళ్ళాడు రెండూ రాయవచ్చు. పాతది ‘వ్రేలాడు’. మా ఇంట్లో వేళ్ళాడు అంటాం. మీ అత్తగారు ఏమంటారో అదే రాయండి.