తమ్ముడు రావాలి, కానీ ఆ గుమ్మానికి ఇప్పుడే కాదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. పెళ్ళయ్యాక నేను పట్టణంలో ఉంటున్నాను. ఆరేళ్ళ కిందట మా తమ్ముడు మతి చెదిరిన స్థితిలో చిన్నాన్నను గునపంతో కొట్టాడు. ఆయన చనిపోయారు. అన్నంలో చిన్నాన్న విషం కలుపుతున్నాడని తమ్ముడు అంతకుముందు నెలల తరబడి అంటుండేవాడు. గుళ్ళకూ దర్గాలకూ తిప్పాం గానీ డాక్టరుకు చూపించలేదు. జబ్బు వల్ల జరిగిందని కోర్టు నిర్దోషిగా తేల్చి, విశాఖ మానసిక చికిత్సాలయంలో ఉంచమంది. ఇప్పుడు కుదుటపడ్డాడని, పూచీ ఇస్తే పంపవచ్చని అంటున్నారు. నాన్నకు డెబ్బై దగ్గర పడ్డాయి. చిన్నమ్మది పక్క ఇల్లే, మధ్యలో ఒకటే గోడ. చిన్నాన్న మంచం ఇప్పటికీ ఆ గోడకే ఆనించి ఉంది. "కోర్టే తప్పు లేదంది కదా" అని నచ్చజెప్పబోతే చిన్నమ్మ తలుపు వేసుకుంది. పిల్లలున్న ఇంట్లోకి వద్దని మా ఆయన అంటున్నారు. మొన్న ఫోనులో తమ్ముడు "చిన్నమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా అక్కా?" అని అడిగాడు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు చిన్నమ్మ వేసుకున్న ఆ తలుపు గురించే మాట్లాడుకుందాం. మీరు ఆమెతో అన్నది నిజమే, కానీ సగం నిజం. ఇలాంటి కేసుల్లో నిర్దోషి అని తీర్పు చెప్పేటప్పుడు, ఆ పని ఆ మనిషి చేశాడా లేదా అన్నది కూడా జడ్జి విడిగా, స్పష్టంగా రాయాలి. చట్టమే అలా చెబుతోంది. తీర్పు కాపీ తెప్పించుకుని చదవండి. కొట్టింది మీ తమ్ముడేనని అందులో ఉంటుంది. తాను చేస్తున్నది ఏమిటో, అది తప్పని తెలిసే స్థితిలో ఆ క్షణాన లేడు గనుక నేరస్థుడు కాడనీ ఉంటుంది. పాత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్ చెప్పేది ఇదే. మీ మాటలో ఆమెకు రెండో సగమే వినపడింది. భర్త పోయిన మనిషికి అది "ఏమీ జరగలేదు" అన్నట్టే ఉంటుంది.

ఈసారి వెళ్ళినప్పుడు కోర్టు పేరు ఎత్తకండి. "చిన్నాన్నను పోగొట్టుకున్నావు. వాడి జబ్బును మేము గుర్తించలేకపోయాం. వాడిని ఎక్కడ ఉంచుతామో నీకు ముందే చెప్పడానికి వచ్చాను" అనండి. క్షమించమని అడగకండి. అడిగితే ఇవ్వాల్సిన భారం ఆమె మీద పడుతుంది. తిడితే వినండి. తలుపు తీయకపోతే, ఆమె మాట వినే బంధువు ఒకరితో ఈ కబురే పంపండి.

మీ ఆయన మాట నాకు తప్పుగా అనిపించలేదు. ఆయన భయాన్ని పట్టించుకోకుండా తమ్ముణ్ణి ఇంట్లోకి తెస్తే, మొదటి చిన్న గొడవకే ఇల్లు రెండుగా చీలుతుంది. పల్లెలోని ఇల్లూ వద్దు, కనీసం ఇప్పుడు వద్దు. రోజూ ఆ మంచాన్ని చూస్తూ చిన్నమ్మ, ఆమెను చూస్తూ అతడు, ఇద్దరూ నలిగిపోతారు. నాన్నగారు ఒప్పుకుంటే మీ ఇంటికి దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకుని తండ్రీకొడుకులను అక్కడ ఉంచండి. మీ వంటింటి నుంచి క్యారియర్ వెళ్ళేంత దూరం చాలు. మీ ఆయనను ఒకసారి విశాఖకు వెంట తీసుకెళ్ళండి. తన సందేహాలు ఆయనే డాక్టరును అడగాలి. మీరు వచ్చి చెబితే అది అక్క మాటగానే వినపడుతుంది.

ఇక పూచీ సంగతి. ఇలా కోర్టు ఉంచమన్న మనిషిని, భారతీయ నాగరిక సురక్షా సంహిత 378వ సెక్షన్ ప్రకారం బంధువు దరఖాస్తు పెట్టి హామీ ఇస్తే రాష్ట్ర ప్రభుత్వం అప్పగించవచ్చు. సరిగా చూసుకుంటామని, తనకు గానీ ఇతరులకు గానీ హాని చేయకుండా కాపాడతామని, చెప్పిన సమయానికి అధికారి ముందు హాజరుపరుస్తామని ఆ హామీ. ఇది ప్రేమ కొద్దీ పెట్టే సంతకం కాదమ్మా. ఒక్కరే మోయలేమనిపిస్తే ఆ మాట ముందే చెప్పండి. చూసుకునేవారు లేరన్న ఒక్క కారణంతో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటోంది. కాబట్టి మీరు తటపటాయించినంత మాత్రాన తమ్ముడికి దారులన్నీ మూసుకుపోవు. కడప కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నంబరు 15100.

పంపించే ముందు, ఇకపై ఎవరి దగ్గర చూపించుకోవాలో రోగితోనూ ఇంటివారితోనూ మాట్లాడి నిర్ణయించాలని అదే చట్టం డాక్టర్లకు చెబుతుంది. కడప రిమ్స్ మానసిక వైద్య విభాగానికి రాసిన ఉత్తరం, మందుల పేర్లు, తర్వాత చూపించాల్సిన తేదీ చేతిలో పడ్డాకే బయలుదేరండి. మాత్రలు మరిచిపోతాడని భయముంటే, కొన్ని వారాలకోసారి వేసే ఇంజెక్షన్ అతడికి సరిపడుతుందేమో అడగండి.

ఇలాంటి జబ్బున్నవారిలో చాలామంది ఎవరి మీదా చెయ్యెత్తరు. మందులు ఆగిపోయినప్పుడు, తాగుడు తోడైనప్పుడు ప్రమాదం పెరుగుతుంది. మీ తమ్ముడి విషయంలో జబ్బు ముందే చెప్పింది, అన్నంలో విషం అన్న మాటతో. ఈసారి మొదటి గుర్తు ఇంకా చిన్నది కావచ్చు. రెండు రాత్రులు నిద్రపోకపోవడం, కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ తినకపోవడం, మీరు తెచ్చిన క్యారియర్ మూత తీసి వాసన చూడటం. అలాంటిది కనిపిస్తే వాదించకండి, "పిచ్చి మాటలు" అని కసరకండి. అదే రోజు డాక్టరును కలవండి. రాత్రివేళ అయితే 14416కి ఫోను చేయండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. నాన్నగారికి మాత్రం గట్టిగా చెప్పండి: రోజూ పాత సంగతి ఎత్తి పొడిస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

మానసిక జబ్బు కూడా 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో పరీక్ష చేయించండి. తగిన శాతం వస్తే పింఛను దొరుకుతుంది, గది అద్దెకు ఆసరా అవుతుంది.

గుళ్ళకూ దర్గాలకూ తిప్పామని రాశారు. మీరు చేతులు కట్టుకుని కూర్చోలేదు, తెలిసిన చోటికల్లా తీసుకెళ్ళారు. ఇకపై కూడా వెళ్ళండి, మందుల సంచి వెంట ఉంచుకుని.

ఇక ఆ మోకాళ్ళ నొప్పి ప్రశ్న. దాన్ని చిన్నమ్మకు మోసుకెళ్ళకండి, "చూడు, వాడికి నీ మీద ఎంత అభిమానమో" అనకండి. తమ్ముడికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి: "ఇంకా తగ్గలేదురా. ఆమె నీతో మాట్లాడే స్థితిలో లేదు. ఎప్పటికైనా ఆమే రమ్మంటే నిన్ను నేనే తీసుకెళ్తాను."