వదిన ఒక్కతే ఉంటోందని బెంగపడే మేనల్లుడికి

చి. అబ్బాయికి,

అత్తయ్య ఆశీస్సులు. సంక్రాంతికి వచ్చినప్పుడు తణుకు ఇంట్లో గదికో కెమెరా పెట్టించి, రాత్రీ పగలూ ఉండే మనిషిని మాట్లాడి వెళ్తానని రాశావు. వదిన ససేమిరా అంటోందట, నన్ను నచ్చజెప్పమన్నావు. నేను చెప్పనురా. ఎముకల వార్డులో నర్సుగా ఉద్యోగమంతా చేసినదాన్ని. తుంటి విరిగి వచ్చిన పెద్దవాళ్లని "ఎక్కడ పడ్డారు?" అని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే, బాత్రూమ్‌లోనో, రాత్రిపూట బాత్రూమ్‌కి వెళ్తూనో. కెమెరా ఉంటే ఆ పడటం నీకు డల్లాస్‌లో కనబడుతుంది, అంతకుమించి ఒరిగేదేమీ లేదు. హాల్లో ఒకటి పెట్టుకో, అదీ మీ అమ్మ సరేనంటేనే. మిగతా డబ్బూ సెలవూ బాత్రూమ్ మీద పెట్టు.

గోడకి పట్టుకునే స్టీలు కడ్డీలు కావాలి. ఆన్‌లైన్‌లో గోడకి నొక్కితే అతుక్కునే రకం అమ్ముతారు, దాని జోలికి పోవద్దు. మనిషి బరువు పడగానే అది చేతిలోకి ఊడి వస్తుంది. తువ్వాలు ఆరేసే రాడ్డు కూడా అంతే, దాన్ని పట్టుకుని లేవడం మీ అమ్మకి అలవాటు, నేను చూశాను. టైలు వెనక ఇటుక దాకా డ్రిల్లు వేయించి, స్క్రూలతో బిగించాలి. ఎక్కడ బిగించాలన్నది మేస్త్రి చెప్పకూడదు, నువ్వూ చెప్పకూడదు. వదిన్ని కమోడ్ మీద కూర్చుని లేవమను. ఆవిడ చెయ్యి దానంతటదే ఎక్కడికి పోతుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. స్నానం దగ్గర కూడా అలాగే. కాళ్లకి రబ్బరు బుష్‌లున్న గట్టి కుర్చీ ఒకటి, హ్యాండ్ షవర్ ఒకటి ఉంటే చెంబుతో వంగి నీళ్లు ముంచుకునే పని తప్పుతుంది. పండగపూట తలంటు మాత్రం మానదు, మాననివ్వకు కూడా. పాదాలకి నూనె రాసుకోవడం ఒక్కటి మానమను.

తలుపు సంగతి ఎవరూ ఆలోచించరు. మన బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. మనిషి తలుపుకి అడ్డంగా పడిపోతే బయటివాళ్లు తోసినా రాదు. దాన్ని బయటికి తెరుచుకునేలా మార్పించు. లోపలి గడియ తీసేసి, బయటినుంచి కూడా తీయగలిగే తాళం పెట్టించు.

మంచం నుంచి బాత్రూమ్ దాకా, మనిషి కదలగానే వెలిగే చిన్న లైట్లు వరసగా పెట్టు. కరెంటు పోతే వాటంతటవే వెలిగే చార్జింగ్ బల్బులు కూడా రెండు కొను. రాత్రి లేవగానే నడవకుండా, మంచం అంచున కాసేపు కూర్చుని, కాళ్లు ఆడించి అప్పుడు లేవాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. నువ్వున్నప్పుడే బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డ మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడు. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకి చెప్పాలి. ఒంట్లో నీరు తీసే మాత్ర సాయంత్రం వేసుకుంటోందేమో కనుక్కో. పొద్దున్నకి మార్చవచ్చేమో డాక్టర్ని అడిగితే రాత్రి లేవడం తగ్గొచ్చు.

మాత్రల డబ్బా మొత్తం బల్ల మీద కుమ్మరించు. గుండె డాక్టరు రాసినదీ షుగర్ డాక్టరు రాసినదీ పేర్లు వేరు, లోపల మందు ఒకటే అయిన సందర్భాలు వార్డులో ఎన్నో చూశాను. అన్నీ పట్టుకెళ్లి ఒకే డాక్టరుకి చూపించు. ఇంకోటి, కార్తీక సోమవారాలు, ఏకాదశులు. ఉపవాసం ఉండి షుగర్ మాత్ర మామూలుగా వేసేసుకుంటే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, ఆ తర్వాత పడటం. "ఉపవాసాలు మానెయ్" అంటే మీ అమ్మ నీ ముందు తలూపి నువ్వెళ్లాక చేస్తుంది. ఆ రోజుల్లో మాత్ర ఎలా వేసుకోవాలో డాక్టరు దగ్గర ముందే రాయించుకోండి. పటికబెల్లం ముక్కలు అందుబాటులో ఉండాలి.

ఇప్పుడు నీకు నచ్చని మాట చెప్తాను. మనిషిని పెట్టి వంట మాన్పిస్తే, పెరట్లోకి పోవద్దంటే, ముగ్గు వేయొద్దంటే, ఏడాది తిరక్కుండా ఆవిడ కాళ్లలో బలం పోతుంది. అప్పుడు కడ్డీలున్నా పడుతుంది. పనమ్మాయి కావాలి, కాదనను. కానీ బరువులు ఎత్తడానికి, అటకెక్కడానికి, బూజులు దులపడానికి. పండగ ముందు మీ అమ్మ స్టూలెక్కడం ఆపగలిగావంటే సగం గెలిచినట్టే. ధనుర్మాసంలో చీకటితో లేచి కళ్లాపి చల్లడం అమ్మాయికి అప్పజెప్పు. తెల్లారి, నేల ఆరాక ముగ్గు వదినే వేసుకుంటుంది. వీధి గుమ్మం గడప ఎత్తుగా ఉంది, నిజమే. పసుపు రాసి బొట్టు పెట్టే గడపని తీసేద్దామని మాత్రం అనకు. ద్వారబంధానికి ఒక పిడి బిగిస్తే చాలు.

కాళ్ల బలం చూడటానికి చిన్న పరీక్ష ఉంది. కుర్చీలోంచి లేచి, పది అడుగుల దూరం, అంటే మూడు మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క, ఫిజియోథెరపీ మొదలుపెట్టించు. లేకపోయినా రోజూ కుర్చీలోంచి లేచి కూర్చోవడం అలవాటు చెయ్యి. సీరియల్‌లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా చేయమను, మొహమాటం లేకుండా చేస్తుంది.

ఎంత చేసినా పడొచ్చు. పడ్డప్పుడు ఫోన్ హాల్లో చార్జింగ్‌లో ఉంటే ఏం లాభం? బటన్లున్న చిన్న ఫోన్ కొనివ్వు, రొంటిన దోపుకుంటుంది. ఒకటో నంబరు పక్కింటివాళ్లది, రెండోది నాది, మూడోది నీది. కోపం తెచ్చుకోకు, ఇక్కడ పొద్దున్న పది అయితే నీకు రాత్రి పదిన్నరో పదకొండున్నరో, పైగా నువ్వొచ్చి తలుపు తీయలేవు. ఇంటి తాళంచెవి ఒకటి పక్కింట్లో ఉంచు. పాల ప్యాకెట్ ఏడింటికి ఇంకా గేటుకే వేలాడుతుంటే వచ్చి తలుపు కొట్టమని వాళ్లకి నువ్వే స్వయంగా వెళ్లి చెప్పు. తుంటి దగ్గర నొప్పి ఉండి కాలు కదపలేకపోతే ఎవరూ లేవదీయకూడదు, నాటు కట్టు మాట ఎత్తకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఇవన్నీ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించు. పెద్దవాళ్ల సహాయానికి 14567 ఉంది, అదీ రాయి. పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అంటే అలాంటిది చట్టంలోనే లేదని, ఫోన్ పెట్టేయమని చెప్పు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఫ్యామిలీ పెన్షన్‌కి నవంబర్‌లో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో మొహం చూపించి ఇంటి నుంచే ఇవ్వొచ్చు. నవంబర్ రాగానే నేను వెళ్లి చేయిస్తాను, దానికి టెన్షన్ పడకు.

టికెట్ ఖరారవగానే తేదీ చెప్పు. భోగికి వారం ముందు నుంచీ మేస్త్రీలు దొరకరు, నేను ఇప్పుడే మాట్లాడి పెడతాను. ఏదైనా బిగించే ముందు వదిన్ని అడుగు. ఇల్లు ఆవిడది.

మీ అత్తయ్య