క్యాన్సర్ వైరస్‌లపై పరిశోధన చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఊరు. లేయర్ కోళ్ల ఫారం నడుపుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్‌కు పోనంటోంది. వైరస్‌ల వల్ల క్యాన్సర్ ఎలా వస్తుంది, అదే వైరస్‌తో వైద్యం ఎలా చేయొచ్చు అన్న పరిశోధన చేస్తుందట. దారేంటి? ఖర్చెంత? వైరస్‌లతో పని ప్రమాదం కాదా?

జవాబు: మీ ఫారానికి వచ్చే కోడిపిల్లలకు హేచరీలో మొదటిరోజే మెడ దగ్గర చర్మం కింద మారెక్స్ టీకా వేస్తారు కదా. ఆ జబ్బు హెర్పిస్ కుటుంబానికి చెందిన వైరస్ తెచ్చే క్యాన్సరే. అంటే మీ అమ్మాయి చెప్పే శాస్త్రం ఇప్పటికే మీ షెడ్డులో పనిచేస్తోంది. అసలు ఈ శాస్త్రం మొదలైందే కోడితో. కోడి గడ్డ నుంచి తీసి వడగట్టిన ద్రవం మరో కోడిలో గడ్డ పుట్టిస్తుందని పేటన్ రౌస్ 1911లో చూపించాడు. నోబెల్ వచ్చింది 1966లో! ఈ రంగంలో తొందర పనికిరాదని ముందే తెలుసుకోండి.

మనుషుల్లో బాగా అర్థమైన ఉదాహరణ హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్). ముఖ్యంగా 16, 18 రకాలు. వీటి ఈ6 ప్రొటీన్ కణంలో కాపలా కాసే పీ53ని నాశనం చేయిస్తుంది, ఈ7 మాత్రం కణ విభజనకు బ్రేకు వేసే ఆర్‌బీ ప్రొటీన్‌ను పట్టేసుకుంటుంది. చాలామందిలో ఈ వైరస్ దానంతటదే పోతుంది. ఏళ్ల తరబడి ఉండిపోయిన కొందరిలోనే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఎందుకు కొందరిలోనే అన్నది ఇంకా పెద్ద పరిశోధనాంశం. వైద్యం వైపు చూస్తే, కొన్ని జన్యువులు తీసేసి, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే జన్యువు ఒకటి చేర్చిన హెర్పిస్ వైరస్‌కు (టీ-వెక్) అమెరికా 2015లో అనుమతినిచ్చింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గడ్డలోకే సూదితో ఎక్కిస్తారు. అందరికీ పనిచేయదు. రక్తంలోకి ఎక్కిస్తే, గడ్డను చేరకముందే శరీరం వైరస్‌ను చంపేసే అవకాశం ఎక్కువ. ఆ చిక్కు మీదే చాలా ల్యాబులు పనిచేస్తున్నాయి.

ఇక చదువు. పేరులో ‘క్యాన్సర్’ ఉందని ఏ ప్రైవేటు కోర్సుకూ లక్షలు కట్టకండి. దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ చాలు. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీలలో ఒకటి ఉండాలి, కెమిస్ట్రీ వదలకూడదు. ఎమ్మెస్సీకి గ్యాట్-బి (బయోటెక్నాలజీ పీజీకి జాతీయ పరీక్ష), ఐఐటీ జామ్ (ఐఐటీల ఎమ్మెస్సీ పరీక్ష), సీపీగెట్ (తెలంగాణ యూనివర్సిటీల పీజీ పరీక్ష) మూడూ రాయాలి. గ్యాట్-బితో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల బయోటెక్నాలజీ సీటు వస్తుంది, స్టైపెండ్ కూడా ఉంటుంది. పాలమూరు, నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలకు సీపీగెట్.

అసలు ద్వారం సీఎస్‌ఐఆర్ నెట్ జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఫెలోషిప్ ఇచ్చే జాతీయ పరీక్ష. లైఫ్ సైన్సెస్ పేపర్ 200 మార్కులకు. అందులో సగం, అంటే 100 మార్కులు, పార్ట్-సిలో ఒక్కోటి 4 మార్కుల ప్రశ్నలు. ప్రయోగం ఫలితం చూపించి ‘దీన్నిబట్టి ఏం తేలింది’ అని అడుగుతారు. గైడ్లు బట్టీపట్టినవాళ్లు అక్కడే పడిపోతారు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, ఇంటి అద్దె భత్యం వేరే. కాబట్టి మీ జేబులోంచి ఖర్చు మొదటి ఐదేళ్లే. పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు పడుతుంది. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే ప్రభుత్వ జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఉన్నాయి. క్యాన్సర్ మీదే పనిచేయాలంటే నవీ ముంబై ఖార్‌ఘర్‌లోని యాక్‌ట్రెక్ (టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ పరిశోధన కేంద్రం).

ప్రమాదం సంగతి. హెచ్‌పీవీ, హెపటైటిస్-బి లాంటివాటితో పని సాధారణంగా బీఎస్‌ఎల్-2 (రెండో స్థాయి జీవభద్రత) ల్యాబులో, గాలిని వడగట్టే బయోసేఫ్టీ క్యాబినెట్‌లో జరుగుతుంది. అసలు భయం సూది గుచ్చుకోవడం, గ్లౌజు లేకుండా ముట్టుకోవడం. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు (మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది) ల్యాబుకు వెళ్లకముందే పూర్తి కావాలి. పక్షి వైరస్‌ల ల్యాబులో చేరితే మాత్రం కొన్ని రోజుల పాటు మీ ఫారంలోకి రావద్దని ఆంక్ష ఉండొచ్చు. అది ఆమెకోసం కాదు, మీ కోళ్లకోసం!

రోజూ ఎదురయ్యే తలనొప్పి వేరే. కణాలను 37 డిగ్రీల దగ్గర, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో పెంచుతారు. వాటికి ఆదివారాలుండవు. మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియా సోకితే, కణాలు పెరిగే ద్రవం మబ్బుగా మారదు కాబట్టి కంటికి తెలియదు, కణగోడ లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు, నెలల పని వృథా. మీ కోళ్లకు సీఆర్‌డీ (దీర్ఘకాలిక శ్వాస జబ్బు) తెచ్చేదీ ఈ జాతిదే. ఫారంలో కాళ్లు కడగనిదే లోపలికి రానివ్వని క్రమశిక్షణ చూసి పెరిగిన పిల్లకు ల్యాబులో కొంత లాభమే. డీఎన్‌ఏను లక్షల రెట్లు పెంచి గుర్తించే పీసీఆర్ పరీక్షలోనూ అంతే: డీఎన్‌ఏ తప్ప మిగతావన్నీ వేసిన ట్యూబు పక్కన పెట్టకపోతే, వచ్చిన ఫలితం వైరస్‌దో, పిపెట్‌కు అంటిన మురికిదో తేలదు.

ఆమె వద్దంటున్న లాంగ్‌టర్మ్‌కు బలవంతంగా పంపొద్దు. కానీ ఉన్న నీట్ ర్యాంకుతో బీవీఎస్సీ సీటు వస్తుందేమో చూడండి. ఐదున్నరేళ్ల తర్వాత వెటర్నరీ మైక్రోబయాలజీలో ఎంవీఎస్సీ చేసి కూడా ఇదే పరిశోధనకు రావొచ్చు, ఉద్యోగ భద్రతా ఉంటుంది. రెండిట్లో ఏదన్నది ఆమె ఇష్టానికే వదలండి. బీఎస్సీ అంటే మాత్రం దోస్త్‌లో ఆప్షన్లు పెట్టకముందే ఆమెను వెంటబెట్టుకుని కాలేజీ ల్యాబు చూడండి. ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే పరికరం), లామినార్ ఫ్లో (వడగట్టిన గాలి వీచే పని బల్ల), పీసీఆర్ మెషీన్ ఉన్నాయా అని లెక్చరర్‌ను అడగండి. అవి నిజంగా వాడుతున్నారా అన్నది ఫైనలియర్ పిల్లలను అడగండి.