న్యాయవాది టికెట్టు లేకుండా ఎమ్మెల్యేకి నిలబడితే గెలుస్తారా?

చిత్తూరులో ప్రాక్టీసు చేస్తున్న మీ బావగారు వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో ఏ పార్టీ టికెట్టూ లేకుండా నిలబడాలనుకుంటున్నారని, గెలిచే అవకాశం ఉందా, వృత్తి దెబ్బతింటుందా అని అడిగారు. గెలవడం చాలా కష్టం. వృత్తి కొంతకాలం దెబ్బతినడం ఖాయం. అయినా నిలబడమనే చెబుతాను, గట్టిగా చెబుతాను. 2024లో మా సీనియర్ న్యాయవాది చిత్తూరు నియోజకవర్గంలో స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేసినప్పుడు ఆయనకు ఎన్నికల ఏజెంటును నేనే. నామినేషన్ మీద పది మంది ప్రతిపాదకుల చేత సంతకాలు పెట్టించడం మొదలుకొని, ఫలితాలు వచ్చాక ముప్పై రోజుల్లోగా ఖర్చుల లెక్క అప్పగించడం దాకా అన్నీ నా చేతుల మీదుగానే జరిగాయి.

వృత్తికి చట్టం నుంచి అడ్డేమీ లేదు. ఎమ్మెల్యేలు, ఎంపీలు న్యాయవాదులుగా కొనసాగవచ్చని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. ఇబ్బంది వచ్చేది కక్షిదారుల దగ్గర. మా సీనియర్ నామినేషన్ వేశారని తెలియగానే కొందరు ఆఫీసుకు వచ్చి, "మా వాళ్లు వేరే పార్టీలో ఉన్నారు సార్, తప్పుగా అనుకోవద్దు" అని కేసు కట్టలు అడిగారు. ఆయన ఒక్క మాట అనకుండా అభ్యంతరం లేదని సంతకం పెట్టి ఇచ్చేశారు. పోలింగ్ మే 13న కాబట్టి, సివిల్ కోర్టులకు వేసవి సెలవులు కొంత కలిసొచ్చాయి. వెళ్లినవాళ్లలో సగం మంది మళ్లీ వచ్చారు. భూమి తగాదా ఉన్నవాడికి చివరికి కావలసింది మంచి వకీలే కదా.

డబ్బు లేకపోతే గెలవరని అందరూ అంటారు. అది సగం నిజమే. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షల రూపాయలు. మా సీనియర్ ఖర్చు దాని దరిదాపులకు కూడా పోలేదు. ఎన్నికల అధికారులు ఇచ్చే ఖర్చుల పుస్తకంలో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకు, గులాబీ పేజీలు నగదుకు, పసుపు పేజీలు బ్యాంకు ఖాతాకు. టీ, టిఫిను, కుర్చీ, షామియానా అన్నింటికీ అధికారులు కట్టిన ధరలుంటాయి, ఆ ప్రకారమే రాయాలి. రాత్రి ఊళ్లు తిరిగి వచ్చి ఆ పేజీలు నింపడం నా పని. దీన్ని చాకిరీ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. లెక్క సరిగ్గా రాయలేని అభ్యర్థి చేతిలో రాష్ట్ర బడ్జెట్‌కు ఓటు వేసే హక్కు ఎలా పెడతాం?

డబ్బు కంటే పెద్ద దెబ్బ కాలం. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే స్వతంత్రులకు గుర్తు కేటాయిస్తారు. 2024లో ఆ గడువు ఏప్రిల్ 29. పోలింగ్‌కు సరిగ్గా 14 రోజులు. అందులో చివరి 48 గంటలు ప్రచారం బంద్. పార్టీల గుర్తులు జనానికి తాతల నాటి నుంచి తెలుసు, మన గుర్తు మాత్రం పన్నెండు రోజుల్లో రెండు లక్షల మందికి తెలియాలి. పైగా మేము మొదటి కోరికగా రాసిన గుర్తు మరొకరికి వెళ్లింది. ఈ నిబంధన స్వతంత్రుల గొంతు నొక్కేదని నా నమ్మకం. దీని మీద ఏ పార్టీ మాట్లాడదు, ఎందుకు మాట్లాడుతుంది?

ఇంకో విషయం కూడా చెప్పాలి. కరపత్రం మీద నల్లకోటు, మెడలో తెల్ల బ్యాండ్లతో ఫోటో వేయమని కోర్టులో తోటి న్యాయవాదులే ఒత్తిడి చేశారు. మా సీనియర్ కుదరదన్నారు. బ్యాండ్లు, గౌను కోర్టు బయట బహిరంగంగా వేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది. న్యాయవాది తన పనికి ప్రకటనలు ఇచ్చుకోకూడదనే నిబంధనా ఉంది. మామూలు తెల్ల చొక్కా ఫోటోనే వేయించారు. కరపత్రం అడుగున ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు స్పష్టంగా కనిపించేలా పెట్టించారు. ఇప్పుడు ప్రతి గోడ మీదా కోటు ఫోటోలు చూస్తుంటే నాకు బాధ కలుగుతుంది. ఆ కోటు ఓట్లు అడగడానికి ఇచ్చింది కాదు.

గుడిపాల మండలంలో, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో జరిగింది చెబుతాను. మీ ప్రశ్నకు నా దగ్గరున్న అసలు జవాబు అదే. చీకటి పడ్డాక వెళ్లాం. ఆటోకు కట్టిన మైకు, నలుగురం మనుషులం. టీకొట్టు ముందు ఆగగానే అరవై దాటిన ఒకావిడ సగం తెలుగు, సగం తమిళం కలిపి, "ఓటు సంగతి తర్వాత, ముందు ఇది చూడండి సారూ" అంటూ ప్లాస్టిక్ కవరు చేతిలో పెట్టింది. అందులో ఆమె మామగారు కొన్న నాటి క్రయ దస్తావేజు, పాత శిస్తు రసీదులు, ప్రభుత్వం భూములు మళ్లీ కొలిచిన రీసర్వే తర్వాత వచ్చిన కొత్త పట్టాదారు పాసుపుస్తకం ఉన్నాయి. దస్తావేజులో ఎకరా 42 సెంట్లు. పాసుపుస్తకంలో ఎకరా 30 సెంట్లు.

మా సీనియర్ బల్ల మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, టీకొట్టు బల్బు వెలుగులో దస్తావేజు మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. మడతల దగ్గర చిరిగిన కాగితం. నాలుగు హద్దులు రాసిన చెక్కుబందీ దగ్గరికి వచ్చేసరికి పైకి చదివారు: తూర్పున ఊరి బాట, పడమర వంక, ఉత్తరాన మామిడి తోపు, దక్షిణాన పాత బావి. "ఈ వంక ఇప్పుడు ఎక్కడ పారుతోంది తల్లీ?" అని అడిగారు. వంక పాత చోట లేదని, వానలకు గట్టు కోసుకుపోయి ఇటు జరిగిందని పక్కన నిలబడ్డ వాళ్లే చెప్పారు. అక్కడే దొరికింది పన్నెండు సెంట్ల జాడ. కొలిచినవాళ్లు వంక ఇప్పుడున్న గట్టునే హద్దుగా తీసుకుని, మిగిలింది పోరంబోకులో కలిపారు.

"మీరు గెలిస్తే ఆఫీసుకు ఫోన్ చేసి నా పన్నెండు సెంట్లు ఎక్కిస్తారా?" అని ఆమె అడిగింది. చుట్టూ చేరినవాళ్లంతా ఆ జవాబు కోసమే చూస్తున్నారు. ఏ అభ్యర్థి అయినా "రేపే ఎక్కిస్తాను" అంటాడు. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఎక్కించను తల్లీ. ఒక ఎమ్మెల్యే ఫోన్ చేస్తే ఎక్కిన సెంట్లు, ఇంకో ఎమ్మెల్యే ఫోన్ చేస్తే దిగిపోతాయి. కాగితం బలంతో ఎక్కాలి, అప్పుడే నిలుస్తాయి." మండల కార్యాలయంలో అర్జీ ఇవ్వమని, చేతికి రసీదు రాకుండా కదలవద్దని, అర్జీకి దస్తావేజు నకలు జత చేయమని విడమరిచి చెప్పారు. అర్జీ మాత్రం ఆయన రాయలేదు. అభ్యర్థిగా ఉన్నప్పుడు ఓటరుకు ఉచితంగా పని చేసిపెడితే ప్రలోభం కిందికి వస్తుందని, చట్టం చెప్పడం వేరు, పని చేసిపెట్టడం వేరని నాతో అన్నారు.

అంతే, జనం ఇళ్లకు పరుగెత్తి తమ తమ కాగితాలు తెచ్చుకున్నారు. పది కావడంతో మైకు ఆపేశాను. మైకు లేకుండానే మాట్లాడారు. అప్పటికి భూహక్కుల చట్టం గురించి ఊరూరా భయం ఉంది. ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టం శాసనసభలో ఆమోదం పొందింది 2022లో, అమల్లోకి వచ్చింది 2023 అక్టోబరు చివర్లో. అది ఇంకా ఈ ఊరి దాకా రాలేదని ముందే చెప్పి, వస్తే ఏమవుతుందో ఆ పన్నెండు సెంట్లతోనే వివరించారు. రిజిస్టరులో ఎకరా 30 అని ఎక్కి, రెండేళ్లలో ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే అదే తుది హక్కు. తగాదా వస్తే చిత్తూరు సివిల్ కోర్టుకు కాదు, ముందు వెళ్లాల్సింది అధికారి దగ్గరికి. ఒక కుర్రాడు అడిగాడు: "మరి ఇది అసెంబ్లీలో పెట్టినప్పుడు మన ఎమ్మెల్యేలు ఎవరూ చదవలేదా సార్?"

ఆ కుర్రాడి ప్రశ్నే మీ ప్రశ్నకు జవాబు. రాష్ట్రంలో 175 మంది ఎమ్మెల్యేలున్నారు. చట్టం చేయడం వాళ్ల పని. మనం మాత్రం ఎమ్మెల్యే అంటే తహసీల్దారుకు, ఎస్సైకి ఫోన్ చేసే మనిషి అనుకుంటున్నాం. చట్టం అమల్లోకి వచ్చాక రాష్ట్రమంతటా న్యాయవాదులు విధులు బహిష్కరించి రోడ్ల మీద కూర్చున్నారు. ఎన్నికల తర్వాత 2024 జులైలో కొత్త శాసనసభ దాన్ని రద్దు చేసింది. బిల్లు వచ్చిన రోజే ఒక్కొక్క క్లాజు పట్టుకుని లేచి నిలబడే సివిల్ వకీళ్లు సభలో పదిమంది ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

ఇది మన జిల్లాకు కొత్త కూడా కాదు. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ చిత్తూరులోనే న్యాయవాదిగా పనిచేశారు. 1952లో తిరుపతి నుంచి లోక్‌సభకు వెళ్లారు, 1956లో స్పీకరయ్యారు. చిత్తూరు కోర్టులో వాదించిన మనిషి దేశపు చట్టసభకు అధ్యక్షత వహించారని ఇప్పటి జూనియర్లలో ఎంతమందికి తెలుసు? ఇప్పుడు పార్టీలు వకీళ్లను లీగల్ సెల్‌లో కూర్చోబెట్టి కేసులు చూడమంటాయి, టికెట్టు మాత్రం కాంట్రాక్టరుకు ఇస్తాయి. ఆ సెల్ పదవికి మురిసిపోయే మన వాళ్లను చూస్తే ఇంకా కోపం వస్తుంది.

ఇక ఫలితం. డిపాజిట్ రాలేదు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు తెచ్చుకోవడం మా వల్ల కాలేదు, పది వేల రూపాయలు పోయాయి. అయితే బూత్‌ల వారీ ఓట్లు చూపించే ఫారం 20 వచ్చాక ఊరూరా లెక్క చూశాను. కోర్టు చుట్టుపక్కల, మమ్మల్ని రోజూ చూసే వీధుల్లో కంటే ఆ సరిహద్దు ఊళ్లోనే మాకు ఎక్కువ ఓట్లు పడ్డాయి. మేము గంటలకొద్దీ కూర్చుని కాగితాలు చదివిన మరో రెండు ఊళ్లలోనూ అంతే. ఆటోలో చేతులూపుతూ దాటిపోయిన చోట్ల ఏమీ లేదు. జనానికి చట్టం ఎక్కదని, డబ్బే కావాలని చెప్పేవాళ్లు ఆ కాగితం చూసి మాట్లాడాలి.

మాకు లేనిది మనుషులు. నియోజకవర్గంలో రెండు వందలకు పైగా పోలింగ్ కేంద్రాలుంటే, పొద్దున్నే యంత్రాన్ని పరీక్షించే మాక్ పోల్ దగ్గర కూర్చుని, సాయంత్రం ఓట్ల లెక్క రాసిన ఫారం 17సి నకలు తీసుకునే ఏజెంట్లు మాకు కొన్నింటిలోనే దొరికారు. కోర్టు క్యాంటీనులో భుజం తట్టిన తోటి వకీళ్లు ఆ రోజు ఎవరి పార్టీ బూత్‌లో వాళ్లు కూర్చున్నారు.

కాబట్టి మీ బావగారిని 2029 దాకా ఆగవద్దని చెప్పండి. ఆదివారాలు ఒక్కో ఊరికి వెళ్లి, రచ్చబండ దగ్గర కూర్చుని, పాసుపుస్తకాలు, వీలునామాలు, పంచాయతీ తీర్మానాలు చదివి వినిపించమనండి. ఒక్కో బూత్‌కు ఒక్కో నమ్మకమైన మనిషిని ఇప్పటి నుంచే చూసుకోమనండి. ఖర్చుల పుస్తకం రాయడానికి ఎవరూ దొరక్కపోతే నేను వస్తాను. మూడు రంగుల పేజీలూ నాకు బాగా అలవాటే.