ప్రో కొనాలా, ఎస్‌ఎస్‌డీతో సరిపెట్టుకోవాలా?

ప్రశ్న: 2021లో కొన్న సోనీ గేమ్ కన్సోల్ పీఎస్‌5 (ప్లేస్టేషన్ 5) వాడుతున్నాను. టీవీ 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ. పీఎస్‌5 ప్రోకి మారితే తేడా కనిపిస్తుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ టీవీ మీద పెద్దగా కనిపించదు. డబ్బు పెట్టదలిస్తే ముందు టీవీ మార్చండి.

ప్రోలో పెరిగినదంతా దాదాపు గ్రాఫిక్స్ వైపే. గ్రాఫిక్స్ లెక్కలు చేసే కంప్యూట్ యూనిట్లు పాతదాంట్లో 36 ఉంటే ఇందులో 60 ఉన్నాయి. మెమరీ వేగం సెకనుకు 448 గిగాబైట్ల నుంచి 576కి పెరిగింది. సీపీయూ (కన్సోల్ ప్రధాన ప్రాసెసర్) మాత్రం అదే ఏఎండీ జెన్ 2 తరానిది. 2016లో పీఎస్‌4 ప్రో వచ్చినప్పుడూ ఇదే వరస: గ్రాఫిక్స్ 1.84 నుంచి 4.2 టెరాఫ్లాప్స్‌కి (టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు) ఎగబాకింది, సీపీయూ 1.6 నుంచి 2.1 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగింది. కారణం ఒకటే. కొత్త ఆట పాత కన్సోల్ మీద కూడా నడవాలి. అందుకని ఆట లోపలి లెక్కలన్నీ పాత సీపీయూ కొలతకే రాస్తారు, అదనపు శక్తి రిజల్యూషన్‌కీ వెలుగునీడలకీ పోతుంది. జనం కిక్కిరిసిన వీధిలో ఆట తడబడుతోందంటే, ఆ బరువు సీపీయూ మీద పడినదైతే ప్రోలోనూ తడబడుతుంది.

55 అంగుళాలు, అంతకు మించిన 4కే టీవీ ఉండి, దగ్గరగా కూర్చుని ఆడేవారికి ప్రో పనికొస్తుంది. మామూలు పీఎస్‌5లో సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) కావాలంటే చాలా ఆటల్లో బొమ్మ కాస్త మసకబారుతుంది. ఆ మసకను తగ్గించడానికే ప్రోలో పీఎస్‌ఎస్‌ఆర్ అనే ఏఐ అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్ బొమ్మను స్పష్టంగా పెంచడం) పెట్టారు. అయితే ప్రో కోసం ప్రత్యేకంగా అప్‌డేట్ చేసిన ఆటల్లోనే ఇది పూర్తిగా తెలుస్తుంది.

టీవీ కొనేటప్పుడు 120 హెర్ట్జ్ (తెర సెకనుకు 120 సార్లు మారడం), కన్సోల్‌ని కలిపే హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు, వీఆర్‌ఆర్ (ఆట ఫ్రేముల వేగానికి తగ్గట్టు తెర వేగం మారడం) మూడూ ఉన్నాయో లేదో చూడండి. ఇంటికొచ్చాక సెట్టింగ్ మార్చడం మరిచిపోతారు చాలామంది. ఎల్‌జీలో ‘అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్’, శామ్‌సంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’ ఆ పోర్టుకి ఆన్ చేయకపోతే, ఖరీదైన టీవీ కూడా పూర్తి సిగ్నల్ తీసుకోదు. కేబుల్ కన్సోల్ పెట్టెలో వచ్చినదే వాడండి.

ప్రశ్న: పీఎస్‌5లో చోటు చాలక 1 టీబీ ఎం.2 ఎస్‌ఎస్‌డీ (లోపల బిగించే చిన్న స్టోరేజీ కార్డు) కొన్నాను. బిగించాను గానీ కన్సోల్ గుర్తించడం లేదు. ఎక్కడ తప్పు జరిగింది?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఎస్‌ఎస్‌డీ మీది లేబుల్ చదవండి. ‘పీసీఐఈ 4.0 ఎక్స్4, ఎన్‌వీఎంఈ’ అని ఉండాలి. పాత 3.0 రకం గానీ, ఎం.2 ఆకారంలోనే ఉండే సాటా (పాత, నెమ్మది కనెక్షన్) రకం గానీ పీఎస్‌5లో పనికిరావు. బంగారు కాంటాక్టుల దగ్గర రెండు గాట్లుంటే అది చాలావరకు సాటాయే. షాపులో మార్పించుకోవడం తప్ప దారి లేదు. రీడ్ స్పీడ్ సెకనుకు 5,500 మెగాబైట్లు, అంతకన్నా ఎక్కువ ఉండాలన్నది సోనీ సూచన.

రకం సరైనదే అయితే బిగింపు చూడాలి. కన్సోల్‌ని పూర్తిగా ఆఫ్ చేసి (రెస్ట్ మోడ్ చాలదు) వైర్లన్నీ పీకేయండి, చల్లారనివ్వండి. స్టాండు తీసి, డిస్క్ డ్రైవ్ లేని వైపు మూత ఊడదీయండి. లోపల పొడవాటి లోహపు రేకు ఒక స్క్రూతో బిగించి ఉంటుంది. ఒకటో నంబరు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ చాలు. పెద్దది వాడితే స్క్రూ తల అరిగిపోతుంది. స్లాట్ పక్కన 30, 42, 60, 80, 110 అని గుర్తులుంటాయి. మీది 2280 సైజు (పొడవు 80 మిల్లీమీటర్లు) అయితే ఉంగరంలాంటి చిన్న స్పేసర్‌ని తీసి 80 దగ్గర పెట్టండి. స్పేసర్ లేకుండా స్క్రూ బిగిస్తే ఎస్‌ఎస్‌డీ వంగిపోయి కాంటాక్ట్ పైకి లేస్తుంది. గుర్తించకపోవడానికి ఇదొక కారణం. రెండోది, ఎస్‌ఎస్‌డీని ఏటవాలుగా చివరి దాకా తోయకపోవడం. బంగారు అంచు దాదాపు కనిపించకూడదు.

హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు పలక) తప్పనిసరి. విడిగా కొంటే థర్మల్ ప్యాడ్ (వేడిని హీట్‌సింక్‌కి చేర్చే మెత్తటి పట్టీ) మీది పల్చటి ప్లాస్టిక్ పొర ఒలిచాకే అతికించండి. ఆ పొర ఉంటే వేడి దిగదు, వేగం పడిపోతుంది. మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు, వెడల్పు 25 మిల్లీమీటర్లు దాటకూడదు. పీసీ కోసం చేసిన ఎత్తయిన హీట్‌సింక్‌తో రేకు మూత పడదు.

ఆన్ చేయగానే ఫార్మాట్ చేయమంటుంది. చేశాక ఆటలను అందులోకి మార్చుకోవచ్చు. సేవ్ ఫైళ్లు మాత్రం కన్సోల్ సొంత స్టోరేజీలోనే ఉంటాయి. యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ ఉంటే పీఎస్‌4 ఆటలు దాన్నుంచే ఆడొచ్చు, పీఎస్‌5 ఆటలు దాంట్లో దాచుకోవడానికే.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్న మా బావగారు పీఎస్‌5 ప్రో తెస్తానంటున్నారు. హైదరాబాద్‌లో ఇబ్బంది లేకుండా పనిచేస్తుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పనిచేస్తుంది. 2024 నవంబరులో ఇది విడుదలైనప్పుడు ఇండియాని వదిలేయడానికి కారణం అందులోని వైఫై 7. అది వాడుకునే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి అప్పట్లో ఇక్కడ అనుమతి లేదు. మీ ఇంటి 5 గిగాహెర్ట్జ్ రూటర్‌కి మామూలుగానే కనెక్ట్ అవుతుంది. రూటర్ దగ్గరుంటే లాన్ కేబుల్ ఇంకా నయం. కరెంటు 100–240 వోల్టులు తీసుకుంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, ప్లగ్గు మారిస్తే చాలు.

ప్రోలో డిస్క్ డ్రైవ్ ఉండదు. డిస్కులు ఉన్నవారు విడిగా కొనాలి, మొదటిసారి బిగించినప్పుడు ఇంటర్నెట్ ఉండాలి. ఆట డిస్కులకు రీజియన్ అడ్డం కాదు. సినిమా బ్లూ-రేలకు అడ్డమే: అమెరికాది ఏ, మనది సీ. ఆటకి అదనపు భాగాలు కొంటే డిస్కు ఏ రీజియన్‌దో అదే రీజియన్ అకౌంట్‌లో కొనాలి. వారంటీ అమెరికాదే, ఇక్కడ పాడైతే ఖర్చు మీదే. రసీదు వెంట ఉంచుకోమనండి, కస్టమ్స్ దగ్గర ధర అడగొచ్చు.

ప్రశ్న: కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు పీఎస్‌5 ఆగిపోతోంది. ఎలా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చాలా ఇన్వర్టర్ల వెనకో ముందో ‘యూపీఎస్’ మోడ్ స్విచ్ ఉంటుంది, దానికి మార్చండి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే సమయాన్ని ఫ్యాను తట్టుకుంటుంది, కన్సోల్ తట్టుకోదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే అసలు పెట్టకండి, ప్యూర్ సైన్ వేవ్ కావాలి. విడిగా యూపీఎస్ కొనేట్టయితే, కంప్యూటర్ల 600 వీఏది సాధారణంగా 360 వాట్ల దాకానే ఇస్తుంది. ఆటలో ఉన్న పీఎస్‌5 ఒక్కటే 200 వాట్ల చుట్టుపక్కల లాగుతుంది, పెద్ద టీవీ కూడా తోడైతే యూపీఎస్ కీచుమని ఆగిపోవచ్చు. 1,000 వీఏది తీసుకోండి. అది నాలుగైదు నిమిషాలు నిలిస్తే చాలు, సేవ్ చేసి ఆఫ్ చేసుకోవచ్చు.