పాత జెట్ స్కీలో ఆయిల్ మార్చబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు ఎవరి షెడ్డులోనో మూలపడి ఉన్న 1997 నాటి సీడూ జీటీఎక్స్ జెట్ స్కీని కొన్నావనీ, అందులోని ఆయిల్ మార్చేసి వచ్చే వారం రుషికొండ దగ్గర నీళ్లలోకి దించుతున్నావనీ చెప్పి, "వీడు అచ్చం నీలాగే తయారయ్యాడన్నయ్యా" అన్నది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో తేల్చుకోలేక రాత్రి చాలాసేపు మేలుకునే ఉన్నాను. ముప్ఫై ఏళ్లు చేపలరేవులో బోటు ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి కనుక, మన ఇంట్లో మరొకరు పానా పట్టుకున్నారంటే గర్వంగానే ఉంటుంది. అయితే ఆయిల్ మార్చడమనే మాట విన్నప్పుడు నాకు వచ్చే భయం వేరు. ఫోనులో చెబితే "సరే మామయ్యా" అని సగంలో పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను.

బ్యాటరీ, ప్లగ్గులు, అనుమతుల కాగితాలు, లైఫ్ జాకెట్టు నువ్వు చూసుకోగలవు.

ముందు ఏ ఆయిల్ అన్నది. నీ బండిలో ఉన్నది రోటాక్స్ 787 ఇంజను. అది టూ-స్ట్రోక్‌ది, అంటే కారులోలాగా ఆయిల్ లోపలే తిరుగుతూ ఉండదు, పెట్రోలుతో పాటే కొంచెం కొంచెంగా కాలిపోతుంది. దాని ఎగ్జాస్టు దారిలో రేవ్ వాల్వులని పలకల వంటివి ఉంటాయి. ఇంజను వేగం పెరిగినప్పుడు అవి పైకి లేవాలి, వాటికి మసి పట్టి బిగుసుకుంటే బండి సగం దమ్ముతోనే పరిగెడుతుంది. అందువల్ల దానికి వేడిలోనూ శుభ్రంగా ఉంచే తక్కువ బూడిద రకం ఆయిల్, అంటే డబ్బా మీద ఏపీఐ టీసీ అని ఉన్నది కావాలి. కంపెనీవారి ఎక్స్‌పీఎస్ ఆ కోవలోదే. టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్నది ఔట్‌బోర్డు ఇంజన్ల (పడవ వెనక తగిలించేవి) కోసం తయారైన, బూడిద మిగల్చని ఆయిల్. యమహా, కవాసకీ పాత బండ్లు దాన్నే కోరతాయి, వాటికి అది మంచిదే. నీ బండికి మాత్రం వద్దు. బంకులో స్కూటర్లకు అమ్మే 2టీ డబ్బాల మీద కూడా ఏపీఐ టీసీ, జాసో ఎఫ్‌సీ అనే అక్షరాలు కనిపిస్తాయి గానీ, ట్యాంకు నుంచి ఆయిల్‌ను ఇంజనులోకి తోసే ఇంజెక్షన్ పంపుకు పనికొస్తుందని స్పష్టంగా రాసి లేకపోతే కొనవద్దు, ఎందుకంటే నీ బండిలో ఆయిల్ వెళ్లవలసిన గొట్టాలు అగరుబత్తి పుల్లలంత సన్నగా ఉంటాయి. సింథటిక్ తీసుకుంటే పొగ తక్కువ, మసి తక్కువ. ధర చూసి వెనకాడితే మిగతా డబ్బు నేనిస్తాను.

ఇక నా సంగతి. 2004 జనవరిలో ఒక స్నేహితుడు నీ బండి లాంటిదే ఒకటి నా దగ్గరకు తెచ్చాడు. ఆయిల్ ట్యాంకులో మూడో వంతు మిగిలి ఉంది. అది ఏ రకమో అతనికీ తెలియదు, నేనూ అడగలేదు. రేవులో ఔట్‌బోర్డులకు రోజూ పోసే ఆయిల్ నా దగ్గర డబ్బాలకొద్దీ ఉండేది. రెండూ నూనెలే కదా, రెండూ టూ-స్ట్రోక్‌వే కదా అనుకుని దాన్నే నిండా పోసి మూత పెట్టాను. పాతది తీయలేదు, ఫిల్టరు మార్చలేదు. చేయి తిరిగిన మెకానిక్కునన్న పొగరు తప్ప అందుకు వేరే కారణమేమీ లేదు. బండి ఆ తరువాత మూడు వారాలు షెడ్డులోనే ఉంది.

కొన్ని రకాల ఆయిళ్లు ఒకదానితో ఒకటి పొసగవు. వాటిలోని మందులు కలిసినప్పుడు చిక్కబడి జిగురుగా మారతాయి. ఆ మూడు వారాల్లో ట్యాంకు అడుగున జరిగింది అదే, కానీ పైనుంచి చూస్తే నూనె నూనెలాగే ఉంది. మొదటి సాయంత్రం నెమ్మదిగా నడిపి చూశాను. ట్యాంకు మీద ముందుగా పెన్సిల్‌తో గీత గీసుకున్నాను. తిరిగొచ్చి చూస్తే రెండు వేళ్లు దిగవలసిన ఆయిల్ గోరంత దిగింది. నేనేమనుకున్నానో తెలుసా? బండి ఎంత పొదుపుగా నడుస్తోందో అని సంతోషించాను. ఇప్పటికీ ఆ గీత గుర్తొస్తే నన్ను నేనే తిట్టుకుంటాను, ఎందుకంటే టూ-స్ట్రోక్ బండిలో ఆయిల్ దిగకపోవడం కంటే చెడ్డ కబురు ఉండదని రేవులో కుర్రాళ్లకు చెప్పేవాణ్ణి నేనే.

మర్నాడు ఉదయం ఏడు గంటలకు మీ నాన్నను వెనక కూర్చోబెట్టుకుని రుషికొండ నుంచి బయలుదేరాను. మంగమారిపేట ఎదురుగా పూర్తి వేగం అందుకున్నాక ఇంజను గొంతు కాస్త సన్నబడింది, ఒకటి రెండు క్షణాలు ఎవరో వెనక్కి లాగినట్టయింది, ఆ వెంటనే ఆగిపోయింది. స్టార్టరు నొక్కితే టక్కుమన్న చప్పుడు తప్ప కదలిక లేదు. చలికాలపు ఉదయం గాలి కొండల మీదినుంచి సముద్రంలోకి వీస్తుందని నీకు తెలుసు. తొట్లకొండ మెల్లమెల్లగా చిన్నదైపోతూ ఉంటే చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేకపోయింది. మీ నాన్నకు ఈత అంతంతమాత్రం. మూడు గంటలపాటు ఆయన నా లైఫ్ జాకెట్టు పట్టీని వదలలేదు, ఒక్క మాట అనలేదు. చివరికి వేట ముగించుకుని వస్తున్న ఒక ఫైబర్ తెప్పవాళ్లు మమ్మల్ని చూసి తాడు వేశారు. ఆ హడావిడిలో వాళ్లు జోరుగా లాగారు, నేనూ వారించలేదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు వేగంగా లాగితే, నీళ్లను వెనక్కి చిమ్మి బండిని నడిపే జెట్ పంపు నుంచి ఇంజనుకు వెళ్లే గొట్టంలో నీళ్లు దూరి, ఎగ్జాస్టు నిండి, సిలిండర్ల దాకా వస్తాయి. ఆ గొట్టాన్ని క్లిప్పుతో నొక్కి పెట్టి నెమ్మదిగా లాగాలి. ఆయిల్ అందక పట్టేసిన ఇంజనులోకి ఉప్పునీళ్లు కూడా పట్టించాను.

విప్పినప్పుడు పిస్టన్ల పక్కల నిలువునా గీరుకుపోయిన చారలు, సిలిండరు లోపలి గోడకు అంటుకున్న అల్యూమినియం కనిపించాయి. ఫిల్టరును కోసి చూస్తే లోపల లేత ముంజెలాంటి ముద్ద. దాన్ని అరచేతిలో వేసుకుని చూపిస్తే మీ నాన్న, "మిగిలిన ఆయిల్ ఎంతకు అమ్ముదాం బావా?" అన్నాడు. ఒడ్డుకు చేరాక ఆయన నవ్వించిన మాట అదొక్కటే. ఈ సంగతి ఇప్పటికీ మీ అమ్మకు తెలియదు, నువ్వూ చెప్పకు.

అందుకని నీ బండిలో ఇప్పుడున్నది ఏ ఆయిలో అమ్మినవాడు ప్రమాణం చేసి చెప్పినా నమ్మకు. చేతి పంపుతో ట్యాంకులోదంతా లాగి, అడుగు శుభ్రంగా తుడువు. ఫిల్టరు కొత్తది వెయ్యి, బాణం గుర్తు పంపు వైపు ఉండాలి. ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే గొట్టం, ఇంజనులోకి వెళ్లే సన్న గొట్టాలు, రోటరీ వాల్వు (ఇంజనులోకి గాలీ పెట్రోలూ వెళ్లే దారిని తిరుగుతూ తెరిచి మూసే పలక) గదికి వెళ్లివచ్చే రెండు లావు గొట్టాలు, వీటన్నిటిలోనూ పాత ఆయిలే ఉంటుంది కాబట్టి అన్నిటినీ ఖాళీ చెయ్యి. ముదిరి గట్టిపడిన సన్న గొట్టాలను మాత్రం మార్చెయ్యి. కొత్త ఆయిల్ పోశాక పంపు మీది చిన్న స్క్రూ వదులు చేసి, బుడగల్లేని ఆయిల్ కారేదాకా గాలి తీసి బిగించు. తరువాత పైపు నీళ్లు ఇచ్చి ఇంజనును ఐడిల్‌లో నడుపుతూ పంపు లివరును చేత్తో పూర్తిగా తెరిచి పట్టుకుంటే, సన్న గొట్టాల్లో బుడగలు ఒక్కొక్కటే జరిగి వెళ్లిపోవడం కనిపిస్తుంది. ఆఖరి బుడగ పోయేదాకా వదలకు. నీళ్లు ఇచ్చేటప్పుడు ముందు ఇంజను, తరువాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తరువాత ఇంజను.

ఇదంతా చేసేటప్పుడూ, ఆ తరువాత మొదటి ట్యాంకు పెట్రోలు అయిపోయేదాకానూ, పెట్రోల్‌లో కూడా అదే ఆయిల్‌ను లీటరుకు 25 మిల్లీలీటర్ల చొప్పున కలుపు. పొగ వస్తుంది, ప్లగ్గులు తడుస్తాయి, పరవాలేదు. ఆయిల్ ట్యాంకు మీద గీత గియ్యి. జోరుగా నడిపితే 20 లీటర్ల పెట్రోలుకు ఇంచుమించు 400 మిల్లీలీటర్ల ఆయిల్ దిగాలి, నెమ్మదిగా నడిపితే ఇంకా తక్కువ. దిగిందని కళ్లతో చూశాకే కలపడం మానెయ్యి. పంపు పీకేసి ఎప్పుడూ పెట్రోల్‌లోనే కలుపుకుందామని ఎవరైనా సలహా ఇస్తారు. నీ ఇంజనులో రోటరీ వాల్వు ఇరుసుకు ఆయిల్ అందేది ఆ ఆయిల్ ట్యాంకు నుంచే కాబట్టి, పంపు తీసేసినా దాన్ని ఖాళీగా ఉంచకూడదు.

పెట్రోలు విషయంలో ఒక మాట. ఇప్పుడు బంకులో పోసేదానిలో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. మన ఊరి గాలిలో తేమకు కొదవ లేదు. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగుతాయి. నువ్వు కలిపిన ఆయిల్ పైన పెట్రోల్‌లోనే ఉండిపోయి, ఇంజను అడుగుది తాగుతుంది. కలిపిన పెట్రోలును నెలల తరబడి నిలవ ఉంచకు. ఆ కాలపు సీడూల్లో బూడిద రంగు పెట్రోలు గొట్టాలుంటే లోపల కరిగి, ఆకుపచ్చ జిగురై కార్బొరేటరు జాలీకి అడ్డం పడతాయి. అవి కనిపిస్తే ఆయిల్ కంటే ముందు వాటినే మార్చు.

మొదటి వారం ఒంటరిగా వెళ్లకు. మరో బోటు నీ వెంట ఉండాలి, సీటు కింద తాడూ విజిలూ ఉండాలి, ఒడ్డున మనిషి నీ ముఖం గుర్తుపట్టగలిగినంత దూరమే దాటాలి. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి గాలివానకు కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు కింద ఒడ్డెక్కింది, నువ్వూ వెళ్లి చూశావు. అంత ఓడకే ఆసరా దొరకలేదు. ముసలివాడి చాదస్తమని నవ్వుకో, తాడు మాత్రం పెట్టుకో.

ఆదివారం పొద్దున్నే నేను వస్తాను. చేతి పంపు, గొట్టం నొక్కే క్లిప్పులు నా దగ్గర ఉన్నాయి, కొనకు. నేను వచ్చేలోపు ఆగలేక మొదలుపెట్టేస్తావని తెలుసు కనుక అడుగుతున్నాను: పాత ఫిల్టరును మాత్రం పారేయకు. ఒక గిన్నెలో పెట్టి ఉంచు, ఇద్దరం కలిసి కోసి చూద్దాం.

మీ మామయ్య